కంటి పువ్వు పక్కన వాకిలి

తిరుమలగిరికి కూతవేటు దూరంలో ఉన్న గొల్లల వాడలో రుక్కమ్మకు ఒక పేరుండేది. గొర్రె మొహం చూసి అది ఎవరిదో, దాని తల్లి ఏదో చెప్పేస్తుందని. మందలు రెండు కలగలిసిపోతే మగవాళ్లు గుర్తుగా పెట్టిన చెవి కోతలు వెతుక్కునేవాళ్లు, ఆమె మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి "అది మాది, ఇది మీది" అని వేరు చేసేది. "గొర్లన్ని ఒక్క తీరే ఉంటయి గదనే, ఎట్ల గుర్తుపడతవ్?" అని ఎవరైనా అడిగితే, "నీ పిల్లలంత ఒక్క తీరే ఉన్నరా?" అని ఎదురడిగేది.

ఆ పనంతా ఆమె ఒంటి కంటితో చేసేది. చిన్నతనంలో అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. పెళ్లినాడు అత్త బుచ్చమ్మ చుట్టాలు వినేటట్టుగానే "ఒంటికన్ను పిల్ల దొరికింది మా వానికి" అని గొణిగింది. పెళ్లికొడుకు కాటయ్య తల మీద రుమాలు సర్దుకుంటూ, "ఆ ఒక్క కంటికి నేనెంత మంచిగ కనవడుతున్ననో అడుగే అవ్వా" అన్నాడు. పందిరంతా నవ్వింది. రుక్కమ్మ తల వంచుకునే నవ్వింది. ఆ రోజే ఆమెకు మొగుడు నచ్చాడు.

పంతొమ్మిది వందల నలభై ఏడు మొదట్లో, జొన్న కోతలు సాగుతున్న రోజుల్లో ఆ కంటికి దెబ్బ తగిలింది. కోసిన చేలో మందను తిప్పుతున్నారు. కొత్తగా పుట్టిన గొర్రె పిల్ల ఒకటి ఇంకా కోయని సాళ్లలోకి దూరిపోయింది. రుక్కమ్మ వంగి దాన్ని పట్టుకోబోతుంటే గాలికి ఊగిన జొన్నాకు అంచు కుడి కంటిని గీసుకుంటూ పోయింది. పెద్ద నొప్పేమీ అనిపించలేదు. నీళ్లు కారాయి, కొంగుతో తుడుచుకుంది, పిల్లను చంకనేసుకుని వచ్చేసింది.

సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టయింది. తెల్లవారేసరికి ఎండ వైపు కన్ను తెరవలేకపోయింది. బుచ్చమ్మ ఆదరాబాదరాగా ఆకులు తెచ్చి నలిపి, పసరు పిండి పోసింది. ఇరుగు పొరుగు ఆడవాళ్లు మరో రెండు రకాల ఆకులు చెప్పారు. అవీ పోశారు. ఎవరూ చెడ్డ తలపుతో చేసింది కాదు, ఊళ్లో అందరి కళ్లకూ అదే వైద్యం. కానీ రుక్కమ్మ కన్ను మాత్రం నిప్పుకణికలా అయింది. చీము పట్టింది. పడుకుంటే పోటు ఎక్కువవుతుందని గోడకానుకుని కూర్చునేది. కాటయ్య పక్కన కూర్చుని తడిబట్ట మారుస్తుండేవాడు.

కొన్నాళ్లకు నొప్పి తగ్గింది. ఆ పొద్దున రుక్కమ్మ తనంతట తానే గడప దాటి అరుగు మీద కూర్చుంది. ప్రాణం తేలికపడింది. చుట్టూ తెల్లగా ఉంది.

"ఇయాల మంచు బాగ పడ్డదా?" అని అడిగింది.

కాటయ్య ఆమె కంటిలోకి వంగి చూశాడు. "మంచు ఏడిదే రుక్కీ... పొద్దు బారెడెక్కింది" అన్నాడు.

బుచ్చమ్మ దగ్గరికొచ్చి కోడలి గడ్డం పైకెత్తి చూసింది. నల్లగుడ్డు నడిమధ్యలో తెల్లని పువ్వు. జొన్న గింజ కన్నా పెద్దది, పాలమీగడ లాంటిది. బుచ్చమ్మ లోపలికి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నర పైన రుక్కమ్మ ఆ మంచులోనే బతికింది. పగలు తెల్లని మంచు, రాత్రి నల్లని మంచు. అంతే తేడా. దవాఖానకు తీసుకుపోదామంటే అవి పోయే రోజులు కావు. ఊళ్ల మీద దాడులు, తగలబడే గడ్డివాములు, దారిలో ఎవరు ఆపుతారో తెలియని భయం. సూర్యాపేట దాకా బస్సు నడిచిన రోజుల కన్నా నడవని రోజులే ఎక్కువ. రుక్కమ్మ మూల కూర్చుని ఏడవలేదు. ఉన్ని వడికింది. పిల్లలు ఈనే గొర్రె పక్కన చేరి, చేతులతోనే కాన్పు చేసింది. గొర్రెల చెవులు, మూతులు, బొచ్చు తడిమి పేర్లు చెప్పడం మళ్లీ నేర్చుకుంది. అయితే పది గొర్రెల్లో ఒకటి తప్పేది. తప్పిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండిపోయేది.

నిజాం రాజ్యం ఖతమై, యూనియన్ సైన్యం వచ్చిన ఏడాది చివర రోడ్ల మీద బస్సులు మళ్లీ కదిలాయి. ఉన్ని కొనడానికి సూర్యాపేట నుంచి వచ్చిన బేరగాడు అరుగు మీద కూర్చుని మాటల్లో ఒక సంగతి చెప్పాడు. కోదాడ మనిషి, డాక్టరు లాజరు అని, మద్రాసులో కళ్ల చదువు చదివి వచ్చాడట. మిర్యాలగూడలో చిన్న దవాఖాన పెట్టాడట. అంగడి రోజున సూర్యాపేటకు వచ్చి ఒక పెంకుటింట్లో కళ్లు చూస్తాడట.

"పువ్వు పడ్డ కన్ను ఎన్నడన్న తెరుసుకున్నదా?" అంది బుచ్చమ్మ.

"తెరుసుకోదని ఆయన నోటితోటే వింట" అంది రుక్కమ్మ.

"గొర్లను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?" అని కాటయ్య నసిగాడు.

"మా అన్న బక్కయ్య కాస్తడు. నేనే కబురు పంపిన" అంది రుక్కమ్మ. బేరగాడు ఇంకా ఉన్ని తూకం వేయనే లేదు, ఈమె అప్పుడే కబురు ఎప్పుడు పంపిందో కాటయ్యకు అర్థం కాలేదు. ఇంతకూ ఆమె ఇంకా పంపనే లేదు. ఆ సాయంత్రం పంపింది.

అంగడి నాడు సూర్యాపేట పెంకుటింటి వసారా నిండా మనుషులే. లోపల ఒక గదికి కిటికీ మీద గోనెసంచి కట్టి చీకటి చేశారు. స్పిరిటు వాసన. రుక్కమ్మను ఒక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది నర్సు అచ్చమ్మ. మిర్యాలగూడ పక్క మాడుగులపల్లి మనిషి, గట్టి గొంతు, మెత్తని చేతులు.

డాక్టరు లాజరు మాట కోదాడ మాట. కొంచెం ఆంధ్ర యాస కలిసింది. "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాడు. జొన్నాకు సంగతి చెప్పింది. పసరు సంగతి చెప్పేటప్పుడు బుచ్చమ్మ పేరు చెప్పకుండా "పోసిండ్రు" అని ఊరుకుంది.

ఒక టార్చిలైటు వేసి పైనుంచి, కింద నుంచి, అటు పక్క, ఇటు పక్క చూపించి "వెలుతురు ఎటునుంచి వస్తోంది?" అని అడిగాడు. ప్రతిసారీ ఆమె వేలు పెట్టి సరిగ్గా చూపించింది.

"లోపలి కన్ను బాగానే ఉంది" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు కదలకు. దూది పోగుతో ముట్టుకుంటాను."

దూది పోగు కంటి అంచును తాకీ తాకకముందే రుక్కమ్మ రెప్ప టప్పున వాలింది, వెనక్కి జరిగి పీట మీదనుంచి పడబోయింది.

"ఏందయ్యా సారు! సూది గుచ్చినవా?"

డాక్టరు నవ్వాడు. "దూదేనమ్మా. ఒంట్లో ఇంకెక్కడా ఇంత సుకుమారమైన చోటు లేదు. ఈ పొరకు స్పర్శ తెలుస్తోందంటే ప్రాణం ఉన్నట్టే."

"ఏ పొరకు?"

పక్కన వంద మంది ఎదురుచూస్తున్నా ఆ ప్రశ్నకు ఆయన పని ఆపాడు. రుక్కమ్మ చేతిని తీసుకుని తన జేబు గడియారం మీద పెట్టాడు. పైన ఉబ్బెత్తుగా ఉన్న అద్దం వేళ్లకు చల్లగా తగిలింది.

"గడియారం ముళ్ల మీద ఈ అద్దం ఉందా? అట్లాగే నీ కంటిలో నల్లగుడ్డు మీద ఒక తేటపొర ఉంటుంది. పుస్తకాల్లో శుక్లపటలం అని రాస్తారు. వెడల్పు అంగీ గుండీ అంత, మందం నీ గోరంత. అందులోనే ఐదు పొరలు. నిజానికి నల్లగుడ్డు అని మనం చూసేది లోపలి రంగు తెర, ఆ పొర మటుకు మనకు కనపడనే కనపడదు, అంత తేట. ఎందుకో తెలుసా? దానిలో నెత్తురు నాళం ఒక్కటి కూడా ఉండదు."

"నెత్తురు లేకుంటె ఎట్ల బతుకుతది?"

"గాలి పీల్చుకుని బతుకుతుంది. కన్నీళ్లే దానికి తడి, తిండి కొంత లోపలి నీటి నుంచి. నువ్వు రెప్ప వేసినప్పుడల్లా దాన్ని కడుగుతున్నావన్నమాట."

రుక్కమ్మ గడియారం అద్దాన్ని ఇంకోసారి తడిమింది. ఇన్నేళ్లూ తనతోనే ఉండి తనకు కనపడకుండా పనిచేసిన ఆ పొర మీద ఆమెకు జాలి, గౌరవం రెండూ కలిగాయి. "మరి అది ఎట్ల ఖరాబయింది?"

"పై పొర గీసుకుపోతే దానంతట అదే కప్పుకుంటుంది, మచ్చ కూడా ఉండదు. ఆ గాయంలో పురుగు చేరి కింది పొరను తింటేనే చిక్కు. మానుతుంది కాని తెల్లగా మానుతుంది. అదే మీరు పువ్వంటారు."

చిన్న కొలబద్దతో పువ్వు వెడల్పు కొలిచాడు. అచ్చమ్మను ఒక రేకు చక్రం తెమ్మన్నాడు. దాని మీద నలుపు, తెలుపు వలయాలు ఒకదానిలో ఒకటి గీసి ఉన్నాయట, నడుమ చిల్లు ఉందట. రుక్కమ్మకు అదేమీ కనపడలేదు, మొహం ముందుకు ఏదో వచ్చి ఆగినట్టు తెలిసింది. డాక్టరు ఆ చిల్లులోంచి ఆమె కంటిని చూస్తూ కాటయ్యను దగ్గరికి పిలిచాడు.

"ఈ గీతలు కంటిపొర మీద నీళ్లలో నీడ పడ్డట్టు పడతాయి. పొర నున్నగా ఉంటే గుండ్రంగా కనపడతాయి, వంకర ఉంటే వంకరగా" అని కాటయ్యకు చెప్పాడు. "మధ్యలో అన్నీ చెదిరిపోయాయి. కాని ముక్కు వైపు, కింద... ఇక్కడ చూడు అచ్చమ్మా, ఎంత చక్కగా ఉన్నాయో. ఈ పక్కన పొర తేటగా, నున్నగా మిగిలింది."

తర్వాత కంట్లో చుక్కలు వేసి వసారాలో కూర్చోమన్నారు. కాటయ్య పక్కన కూర్చుని సద్ది మూట విప్పాడు. రుక్కమ్మ జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆగింది. మంచులో, ముక్కుకు దగ్గరగా, ఏదో కదిలింది. ఎర్రగా.

"నీ నెత్తి మీద రుమాలు ఎర్రదా?" అని అడిగింది.

కాటయ్య చేతిలో రొట్టె కింద పడింది. "ఎర్రదే. మొన్న అంగట్ల కొన్న. నీకు సెప్పలే గద?"

"సెప్పలే."

ఇద్దరూ వసారా అంతా వినపడేటట్టు నవ్వారో ఏడ్చారో వాళ్లకే తెలియదు. డాక్టరు బయటికొచ్చి, రుక్కమ్మ ముందు వేళ్లు చూపించాడు. ఎన్ని వేళ్లో సరిగ్గా చెప్పింది. అప్పుడాయన వాళ్లిద్దరినీ మళ్లీ లోపలికి పిలిచాడు.

"అసలు వాకిలికి బండ అడ్డం పడ్డది. అదీ సంగతి. నీ కంటిపాప ఆ పువ్వు వెనకాల ఉండిపోయింది. మందు వేస్తే పాప పెద్దదై పువ్వు పక్కనుంచి తొంగి చూసింది. మందు దిగిపోతే మళ్లీ ముడుచుకుంటుంది."

"ఆ సుక్కలే రోజు ఏసుకుంటె కాదా?"

"మంచి ప్రశ్నే. రోజూ వేస్తే ఎండ భరించలేవు, కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్నది కూడా పోవచ్చు. దానికన్నా పక్కన ఇంకో వాకిలి తెరుస్తాను. రంగు తెరలో ముక్కు వైపు చిన్న తునక కత్తిరిస్తే, తేట పొర ఉన్న చోటునుంచే వెలుతురు లోపలికి పోతుంది. మిర్యాలగూడ రావాలి." టార్చిలైటు పక్కన పెట్టి అన్నాడు: "ఒక్క మాట దాచను. ఇది నీకున్న ఒక్క కన్ను. కత్తి పెట్టాక చీము పడితే ఆ వెలుతురు కూడా మిగలదు. ఆలోచించుకోండి."

ఊరికి తిరిగొచ్చే దారిలో చుక్కల బలం తగ్గుతూ వచ్చింది. ఎర్రరుమాలు ముందు మసకైంది, తర్వాత మంచులో కలిసిపోయింది. రుక్కమ్మకు మొదటిసారి చూపు పోయినప్పటి కన్నా ఈసారే ఎక్కువ దుఃఖం వచ్చింది.

ఇంట్లో కాటయ్య వద్దన్నాడు. "వెలుగన్న ఉంది గదనే. పగలేదో రాత్రేదో తెలుస్తున్నది. అది సుత పోతె?"

"పగలేదో కోడి సెప్తది" అంది రుక్కమ్మ. "నాకు మనుషులు గావాలె. గొర్లు గావాలె. నువ్వు రుమాలు కొంటె నేను అడిగి తెలుసుకునుడేంది?"

"పోతె నన్ను అనొద్దు."

"పోతె ఎవల్ని అన. నేనే పోయి కత్తి కింద కూసుంట."

ఆ మాటకు బుచ్చమ్మ లేచింది. పువ్వు పడ్డ కన్ను తెరుచుకోదన్న ముసలిదే, "పో బిడ్డా" అంది. "నేను గొంగడి మూట గడత."

మిర్యాలగూడ దవాఖాన రెండు గదులు. బల్ల మీద పడుకోబెట్టి కంట్లో మొద్దుబార్చే మందు వేశారు. కళ్లు మూసుకోకుండా చిన్న తీగ ఒకటి రెప్పల మధ్య పెట్టారు. అచ్చమ్మ తలను రెండు అరచేతుల్లో పట్టుకుంది.

"ఊపిరి మెల్లగా తీసుకో అక్కా. కదిలితే డాక్టరు చెయ్యి కదుల్తది."

రుక్కమ్మకు అడ్డం తిరిగిన పిల్లలతో అల్లాడే గొర్రెలు గుర్తొచ్చాయి. కదలకుండా పడుకున్న గొర్రెకు కాన్పు సులువుగా అయ్యేది. తన్నుకున్నదానికే ప్రాణం మీదికొచ్చేది. ఆమె బల్ల అంచులు పట్టుకుని రాయిలా ఉండిపోయింది. నొప్పి లేదు. నలుపూ తెలుపూ కలిసే అంచు దగ్గర ఏదో ఒత్తినట్టయింది. లోపల ఎవరో దారం లాగినట్టు ఒక చిత్రమైన బాధ, అది కంట్లో కాదు, తల వెనక ఎక్కడో. "ఇంకొక్క క్షణం" అన్నాడు డాక్టరు. చిన్న కత్తెర చప్పుడు. వెంటనే ముక్కు పక్కనుంచి కుండతో కుమ్మరించినట్టు వెలుతురు వచ్చి పడింది. రుక్కమ్మ నోరు తెరిచింది, అరవలేదు, కదలలేదు.

"ఇట్లాంటి రోగి నాకు ఇంతవరకు దొరకలేదు" అన్నాడు లాజరు చేతులు కడుక్కుంటూ.

కట్టు కట్టి కొన్నాళ్లు వెల్లకిలా పడుకోమన్నారు. రోజూ కట్టు విప్పి, చూపు పరీక్షించకుండానే మందు వేసి మళ్లీ కట్టేవారు. చీము పట్టలేదు. అలా పట్టని ప్రతి రోజూ కాటయ్య దవాఖాన వాకిట్లో చింతచెట్టు కింద కూర్చున్నవాళ్లకు ఆ మాట చెప్పి వచ్చేవాడు.

కట్టు తీసేసిన పొద్దున అచ్చమ్మ తలుపు ఓరగా వేసింది. రుక్కమ్మ కన్ను తెరిచింది. మొదట నీళ్లు. తర్వాత నీళ్లలోంచి ఒక మనిషి. గడ్డం పెరిగి, సగం నెరిసి, కళ్లు గుంటలు పడి.

"ఎవరీ ముసలాయన?" అంది.

కాటయ్య ముఖం పాలిపోయింది. "రుక్కీ, నేనే..."

"తెలుస్తనే ఉంది. గింత ముసలోనివి ఎప్పుడైనవ్?" అని ఆమె పకపకా నవ్వింది. ఇంక అచ్చమ్మ ఆగలేదు, రుక్కమ్మ బుజాలు పట్టుకుని ఊపేసింది. డాక్టరు కంటి దగ్గరికి అద్దం తెచ్చి చూపించాడు. నల్లగుడ్డు నడుమ తెల్లని పువ్వు అట్లాగే ఉంది. దాని పక్కన, కింద, తాళంకప్ప కన్నం లాగా ఒక నల్లని దారి. రుక్కమ్మ ఆ దారిలోంచే ఆ దారిని చూసింది. మునుపటంత పదునుగా లేదు, అంచులు కొంచెం చెదురుగానే ఉన్నాయి. కానీ అచ్చమ్మ నడుముకు వేలాడే తాళాలగుత్తి కనపడుతోంది, డాక్టరు అంగీకి ఒక గుండీ ఊడిపోయి ఉండటం కనపడుతోంది.

"సారూ, కంటి పొర ఎంతుంటదో సూపియ్యనీకె ఆ గుండీ తెంపిండ్రా?" అంది. లాజరు అంగీ వైపు చూసుకుని పడీ పడీ నవ్వాడు.

కంట్లో ఎండ ఎక్కువ పడుతుందని నుదురు కప్పేటట్టు గొంగడి కొప్పెర పెట్టుకొమ్మన్నారు. తిరుమలగిరిలో బస్సు దిగాక కాటయ్య అలవాటుగా చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని ముందు నడిచింది. వాడలోకి వస్తుంటే జనం అరుగుల మీదికి వచ్చారు. బుచ్చమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు నిజంగా చూస్తోందా, అడుగుల లెక్కన నడుస్తోందా అని తేల్చుకోలేక గుడ్లప్పగించి చూస్తోంది.

రుక్కమ్మ దగ్గరికొచ్చి అత్త మొహం ఎగాదిగా చూసింది.

"అత్తా, నీ ముక్కుపుల్ల ఏడబోయింది?"

బుచ్చమ్మ చెయ్యి ముక్కు మీదికి పోయింది. దాడులప్పుడు పెరట్లో పాతిపెట్టి, పాతిన చోటు మరిచిపోయి, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్న సంగతి అది. ముసలిది అక్కడే కూలబడి కోడలి కాళ్లు పట్టుకోబోయింది. "నేనే పోస్తి బిడ్డా ఆ పసరు..." అంది.

"నువ్వు నయమైతదని పోస్తివి" అని రుక్కమ్మ ఆమెను లేపి నిలబెట్టింది. "లే. ముక్కుపుల్ల ఎతుకుదాం. ఇప్పుడు ఎతకనీకె నాకు కన్నుంది."

మర్నాడు మందలోకి పోయి, తన చీకటి కాలంలో పుట్టిన గొర్రెలన్నిటి మొహాలూ మొదటిసారి చూసింది. తడిమి పెట్టిన పేర్లలో రెండు మార్చేసింది.

నలభై తొమ్మిది చివర, వరి కళ్లాలు సాగుతున్నప్పుడు చెరువు కింద నుంచి కేకలు వినపడ్డాయి. పక్కనున్న లంబాడి తండా నుంచి మంగ్లీ కూలికి వచ్చి వడ్లు తూర్పార పడుతుంటే పొల్లు కంట్లో కొట్టింది. రెండో రోజుకు కన్ను ఎర్రబడి వాచిపోయిందని ఎవరో అనడం రుక్కమ్మ చెవిన పడింది. చేతిలో ఉన్న ఉన్ని అక్కడే పడేసి తండాకు పరుగెత్తింది.

మంగ్లీ మంచం మీద మొహం కప్పుకుని పడుకుంది. మొగుడు భద్రు తల పట్టుకుని ఉన్నాడు. అతని తల్లి సాలి చేతిలో ముంత, ముంతలో పచ్చని పసరు.

"ఆగు!" అని రుక్కమ్మ ముంతకు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెవతివే ఆపనీకె?" సాలి కళ్లు ఎర్రజేసింది. "మా ముత్తవ్వ నాటి నుంచి గిదే పోస్తున్నం. ఎంత మందికి నయమైందో ఎరుకేనా?"

"అయింది. కాదంటలే. నాకు మాత్రం కాలే." రుక్కమ్మ గొంగడి కొప్పెర వెనక్కి తీసి, తన మొహం సాలి మొహానికి దగ్గరగా పెట్టింది. "సూడు. మంచిగ సూడు ఈ పువ్వును. దీంట్ల సుత గిసుంటి పసరే పోసిండ్రు. నీ కోడలికి ఇప్పుడు పై పొర గీసుకపోయింది. అది మల్ల కప్పుకుంటది. లోపలి పొరకు పుండు పాకితె గిట్లనే తెల్లగైతది. ఇంక సగం రోజు పోనిచ్చినా నాది పూచీ గాదు."

సాలి ఆ కంటిలోకి చూసింది. తెల్లని పువ్వు, పక్కన నల్లని కన్నం. ముసలిది ముంత నేల మీద పెట్టింది.

రుక్కమ్మ కాచి చల్లార్చిన నీళ్లతో కన్ను కడిగి, భద్రును తిరుమలగిరి దాకా బండి కట్టమంది. అది అంగడి రోజు కాదు. సూర్యాపేటలో డాక్టరు ఉండడు. నేరుగా మిర్యాలగూడ పోవాలి. సూర్యాపేటలో బస్సు మారేచోట మిర్యాలగూడ బస్సు కదలబోతుంటే రుక్కమ్మ రోడ్డుకు అడ్డం నిలబడి ఆపింది. "కన్ను పోతది" అని ఆమె అన్న తీరుకు డ్రైవరే దిగి మంగ్లీని ఎక్కించాడు.

లాజరు మంగ్లీ కంట్లో ఒక రంగు చుక్క వేసి కడిగాడు. పొర చెక్కుచెదరని చోట రంగు అంటదు, గాయమున్న చోటే పచ్చగా పట్టుకుంటుంది. దీపం దగ్గరికి తెచ్చి చూపించాడు. నల్లగుడ్డు మీద, అంచుకు కొంచెం లోపల, పెసరబద్దంత పచ్చని మచ్చ మెరిసింది.

"గాయం అడుగున పొల్లు ముక్క ఇంకా ఉంది" అంటూ దాన్ని సూది మొనతో తీసేశాడు. "పుండు కింది పొరను ఇప్పుడిప్పుడే ముట్టుకుంటోంది. నువ్వు తెచ్చింది సరైన వేళకు రుక్కమ్మా."

మంగ్లీని అక్కడే ఉంచుకుని మందులు వేశారు. రుక్కమ్మ పక్కనుంచి కదల్లేదు. ప్రతి పొద్దునా రంగు చుక్క వేసేవారు. పెసరబద్ద నువ్వుగింజ అయింది, నువ్వుగింజ సూదిమొన అయింది. ఒక రోజు రంగు ఎక్కడా పట్టుకోలేదు.

"ఇంక నువ్వే చూడు" అని డాక్టరు ఆ రేకు చక్రాన్ని రుక్కమ్మ చేతికిచ్చాడు. ఒకప్పుడు తన మొహం ముందు ఆగి, తనకు కనపడని చక్రం. నడుమ చిల్లులోంచి మంగ్లీ కంట్లోకి చూసింది. నల్లని నీళ్లలో రాయి వేస్తే లేచిన అలల్లాగా వలయాలు ఒకదానిలో ఒకటి, గుండ్రంగా, ఎక్కడా తెగకుండా నిలబడి ఉన్నాయి. ఒక్క చోట, పుండు మానిన దగ్గర, సన్నని గీత ఒకటి వెంట్రుకవాసి వంగింది.

"గీడ జర వంగింది సారూ."

"అవును. దానివల్ల చూపుకేమీ కాదు."

"అక్కా, నీ జుట్టు నెరిసింది" అంది మంగ్లీ చక్రం అవతలినుంచి. "సగం నెరిసింది. నాకు ఒక్కొక్కటి కనవడుతున్నది." ఆ మాటకు గదిలో అందరూ ఒక్కసారి నవ్వారు.

అప్పటినుంచి ఆ చుట్టుపక్కల కంట్లో పొల్లు పడ్డా, ముల్లు గీసినా జనం ముందు రుక్కమ్మ వాకిట్లోకే వచ్చేవారు. ఆమె వైద్యం చేసేది కాదు. కడిగేది, తిట్టేది, బస్సెక్కించేది. రుక్కమ్మ పంపిన కళ్లలో ఒక్కదానికీ పువ్వు పడలేదని డాక్టరు లాజరు సూర్యాపేట వసారాలో నలుగురికీ చెప్పేవాడు. అప్పటికే పువ్వు పడి చీకట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లను కూడా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఒకామెకు పక్కన తేట పొర మిగల్లేదు, చేసేదేమీ లేకపోయింది. రెండో ఆమె తిరిగొచ్చేటప్పుడు తన మూట తానే మోసుకుంది.

ఇదంతా తర్వాతి సంగతి. మంగ్లీని తీసుకొచ్చిన సాయంత్రం మాత్రం బండి తండా మొదటికి చేరేసరికే డప్పు మోగింది. సాలి పరుగున వచ్చి కోడలి రెండు చెంపలు పట్టుకుని కంటిలోకి చూసింది. ఎటు తిప్పి చూసినా నల్లగా, తేటగా, తన మొహమే కనపడేటంత మెరుస్తూ ఉంది. ముసలిది గొంతెత్తి ఏదో పాడింది. ఆడవాళ్లు అద్దాల లంగాలతో గుండ్రంగా చేరారు. భద్రు బండి దిగనే లేదు, పైనే నిలబడి ఈలలేశాడు.

రుక్కమ్మ ఒక పక్కన గొంగడి సర్దుకుంటోంది. సాలి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నాకు మీ ఆట రాదు" అంది రుక్కమ్మ.

"కన్నుంది గద, సూసి ఏయి" అంది సాలి.

రుక్కమ్మ గొంగడి తీసి బండి మీద విసిరింది. గుండ్రంలోకి దిగి, పక్కవాళ్ల పాదాల వైపు చూసింది. ముందుకు రెండు, వెనక్కి ఒకటి, తట్టు, తిరుగు. ఎండ దిగిపోయింది, దుమ్ము లేస్తోంది, అయినా ఒక్కొక్క కడియం వేరువేరుగా కనపడుతోంది. మూడోసారికి ఆమె అడుగు వాళ్ల అడుగుతో కలిసింది.